ఆ పిల్ల మిమ్మల్ని ఏమని పిలవాలి?

ప్రశ్న: నా వయసు 47. మావారికి 52, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. హనుమకొండలో సొంతిల్లు. ఒక్కతే అమ్మాయి. నిరుడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లింది. దాని గది ఎట్లా ఉన్నదట్లే ఉంచాను, వారానికోసారి దుప్పటి మారుస్తాను. మావారు బడికి వెళ్లాక ఇంట్లో నేను, 78 ఏళ్ల మా అత్తమ్మ, టీవీ. మూడు నెలల కింద కాలనీవాళ్లతో కలిసి ఒక పిల్లల హోమ్‌లో అన్నదానానికి వెళ్లాను. తొమ్మిదేళ్ల పాప ఒకతి నా కొంగు పట్టుకుని వచ్చేదాకా వదల్లేదు. దానికి తల్లి ఉందట, కానీ తీసుకెళ్లే పరిస్థితిలో లేదట. అక్కడి మేడమ్ ఫోస్టర్ కేర్, అంటే పిల్లను కొంతకాలం ఇంట్లో పెట్టుకుని పెంచడం గురించి చెప్పారు. మావారు సరేనన్నారు. పిల్ల ఉంటే మాకు తోడుగా ఉంటుంది, అత్తమ్మకు మంచినీళ్లు అందించే చెయ్యి ఒకటి ఉంటుంది, మేం బాగా చదివిస్తాం. కానీ రేపు తల్లి వచ్చి తీసుకుపోతానంటే నేను తట్టుకోలేను. అత్తమ్మేమో "ఎవరి పిల్లనో ఏమో, వంటింట్లకు ఎట్ల రానిస్తవ్" అంటున్నారు. ఇంకో సంగతి. మా పనామె వాళ్ల ఊళ్లో ఒకామెకు ముగ్గురు ఆడపిల్లలట, ఒకరిని ఇచ్చేస్తుందట, కాగితాలేవీ అక్కర్లేదట. అదే మేలేమో అనిపిస్తోంది. దత్తతకూ దీనికీ తేడా ఏమిటి? ఏం చేయమంటారు?
– పేరు వద్దు, హనుమకొండ

జవాబు: మీరు చివరన రాసిన సంగతికే ముందు చెబుతాను. అది ఆలస్యం చేసేది కాదు. ఆ ఊరి పిల్లను తెచ్చుకోవద్దు.

మీ పనామె చెడు ఉద్దేశంతో అన్నదని నేననను. మా చిన్నప్పుడు పిల్లలు ఇట్లాగే ఇళ్లు మారేవాళ్లు. కరువు వచ్చిన ఏడాది ఊరి నుంచి ఓ పిల్ల పట్నంలో వకీలు గారింటికి వచ్చేది. "చదివిస్తం" అనేవాళ్లు. కొందరు నిజంగానే చదివించారు. చాలామంది ఇళ్లలో ఆ పిల్ల బోళ్లు తోముతూనే పెద్దదైంది. ఇప్పుడు దానికి చట్టం అడ్డం ఉంది. అనాథలైన, వదిలేసిన, అప్పగించిన పిల్లలను పద్ధతి ప్రకారం కాకుండా దత్తతకని ఇచ్చినా పుచ్చుకున్నా 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారిందంటే అది పిల్లల అమ్మకం. శిక్ష ఐదేళ్ల దాకా పోతుంది. "ఆమె కష్టం చూసి పదివేలు చేతిలో పెట్టాం" అని మీరు ప్రేమగా చెప్పే మాటే పోలీసు కాగితం మీద వేరే రకంగా కనిపిస్తుంది.

అయినవాళ్ల మధ్య పూజ చేసి దత్తత తీసుకోవచ్చు కదా అని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం అందుకు ఒప్పుకుంటుంది కూడా. కానీ అదే చట్టం ఇంట్లో కూతురు ఉన్నవాళ్లు ఇంకో ఆడపిల్లను దత్తత తీసుకోకూడదని చెబుతుంది. మీకు కూతురుంది. అంటే ఆ చట్టం తలుపు మీకు ముందే మూసి ఉంది.

కానీ ఆ తల్లిని అట్లా వదిలేయకండి. ముగ్గురిలో ఒకరిని ఇచ్చేస్తానన్నదంటే ఇల్లు ఎట్లా గడుస్తున్నదో ఊహించవచ్చు. భర్త పోయాడో, వదిలేశాడో మీరు రాయలేదు. అట్లాంటిదేమైనా అయితే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది, నెలకు 4,000 రూపాయల సాయం వస్తుంది. ఊళ్లో ఉండేవాళ్లకు కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటకూడదు. మీ పనామెను, ఆ తల్లిని వెంటబెట్టుకుని వాళ్ల జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఆఫీసుకు ఒకసారి వెళ్లండి. మాస్టారి భార్య పక్కన ఉంటే ఆఫీసుల్లో మాట కొంచెం తొందరగా ముందుకు కదులుతుంది. ఇది న్యాయం కాదు, కానీ నిజం.

ఇక మీ అసలు ప్రశ్న.

మన దిక్కు "సాదుడు" అనే మాట ఉంది కదా. "మా మేనత్త నన్ను సాదింది" అంటారు. కన్నదెవరో దాచిపెట్టకుండానే పెంచినవాళ్లకు దక్కవలసింది దక్కించే మాట అది. ఫోస్టర్ కేర్‌కు అంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు దొరకలేదు. దత్తతలో పిల్లకూ కన్నవాళ్లకూ మధ్య చట్టం ముడివేసిన బంధం తెగి, కొత్త ఇంటితో ముడిపడుతుంది. ఇంటిపేరు, ఆస్తిలో హక్కు, అన్నీ వస్తాయి. సాదుకోవడంలో ఇవేవీ మారవు. పిల్ల వాళ్ల పిల్లే. మీరు తిండి, బట్ట, చదువు, వైద్యం, ప్రేమ చూసుకుంటారు. ఆస్తి దానంతటది రాదు. మీరు ఇవ్వాలనుకుంటే వీలునామా రాయాలి, అది మీ ఇష్టం. కొద్ది కాలానికైతే ఏడాది లోపు. అంతకు మించి అవసరమైతే పొడిగిస్తూ పద్దెనిమిదేళ్లు నిండేదాకా కూడా ఉండవచ్చు.

దత్తతకు అర్హమని తేలిన పిల్లను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఎవరూ లేరని తేలితే వాళ్లు దత్తత దారిలోకి వెళతారు. అంటే మీ ఇంటికి వచ్చే పిల్లకు దాదాపుగా ఎవరో ఒకరు ఉంటారు. తల్లి ఎర్రగడ్డ ఆసుపత్రిలో చికిత్సలో ఉండవచ్చు. తండ్రి జైల్లో ఉండవచ్చు. ఇద్దరిలో ఒకరు పోయి, మిగిలిన ఒకరు గల్ఫ్‌లో ఉండవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల వైపు అట్లాంటి ఇళ్లు నేను చాలా చూశాను. తాగుడు ఉండవచ్చు. రెండో పెళ్లి చేసుకున్న తల్లి మొదటి పిల్లను తెచ్చుకోలేక ఏడ్చే ఇల్లు కావచ్చు.

కాబట్టి "తల్లి వచ్చి తీసుకుపోతే?" అన్న మీ భయం ఎప్పుడో జరిగే ప్రమాదం గురించి కాదు. ఈ ఏర్పాటు ఉన్నదే అందుకోసం. తల్లి కోలుకుని బిడ్డను తీసుకుపోతే మీరు చేసిన పని నెరవేరినట్టు. కన్నవాళ్లు మధ్యమధ్య వచ్చి చూసిపోవడం కూడా చట్టంలో ఉన్నదే, పిల్లకు మంచిది కాదని బాలల సంక్షేమ సమితి అనుకుంటే తప్ప. మీ హాల్లో, మీ సోఫాలో, ఆ తల్లి కూర్చుని ఉంటుంది. బహుశా సంకోచంగా, అంచు మీద కూర్చుంటుంది. మీరు ఆమెకు చాయ్ ఇవ్వాలి. ఈ దృశ్యం కళ్ల ముందు పెట్టుకుని వారం రోజులు ఉండండి. అది మింగుడు పడకపోతే దరఖాస్తు పెట్టకండి. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు, నేను అసలే పట్టను.

పన్నెండేళ్లు పిల్లల హోమ్‌లలో కౌన్సెలింగ్ చేశాను. మంచి ఇళ్లకు వెళ్లిన పిల్లలు తిరిగి రావడం చూశాను. అన్నిసార్లూ కారణం ఒకటే అని చెప్పలేను కానీ, ఎక్కువసార్లు తగాదా "అమ్మ" అనే మాట దగ్గర మొదలైంది. ఒక ఇంట్లో ఆమె ఎంతో ప్రేమగా "నన్ను అమ్మా అని పిలువు బిడ్డా" అంది. పదేళ్ల పిల్ల. నెల రోజులు పిలిచింది. తర్వాత ఒకరోజు కన్నతల్లి ఫోన్ చేస్తే, ఈమె ఎదురుగా ఉంది కాబట్టి తల్లిని అమ్మా అనలేక, పేరు పెట్టి పిలిచింది. అవతల ఫోన్ పెట్టేశారు. ఆ రాత్రి నుంచి పిల్ల ఇద్దరినీ ఏమనీ పిలవడం మానేసింది. "ఇగో", "ఏమండి" తప్ప మాట లేదు. ఆ ఇంటికి నేనే నచ్చజెప్పి పంపించాను. ముందే ఈ మాట చెప్పి ఉండాల్సింది. అప్పుడు నాకు తోచలేదు.

మనకు మంచి మాట సిద్ధంగా ఉంది: పెద్దమ్మ. అమ్మ కంటే పెద్దది, అయినా అమ్మ స్థానంలో కూర్చోదు. పెద్దమ్మ ఇంట్లో ఎన్నేళ్లున్నా పిల్ల ఎవరినీ మోసం చేసినట్టు కాదు. తల్లి వచ్చినప్పుడు మీరు ఆమెకు అక్క అవుతారు, ఆమె మీకు చెల్లె అవుతుంది. సోఫా అంచున కూర్చున్న మనిషి కొంచెం వెనక్కి ఆనుకుంటుంది. మావారిని ఏమనాలి అంటారేమో. పెదనాన్న, అంతే. నాలుగైదేళ్ల తర్వాత పిల్ల తనంతట తాను అమ్మా అంటే అననివ్వండి. మీరు అడగకండి.

పండుగలకూ ఇదే సంగతి. సద్దుల బతుకమ్మ నాడు పిల్లకు కొత్త బట్టలు వేసి పద్మాక్షి గుట్ట దగ్గరికి తీసుకెళ్లాలని మీకు ఉంటుంది. ఆ రోజే వాళ్ల అమ్మమ్మ పంపమని అడగవచ్చు. తొమ్మిదేళ్లంటే ఇంకో రెండు మూడేళ్లలో పెద్దమనిషి అవుతుంది. అప్పుడు చీర తెచ్చేది మేనమామ. అతన్ని పిలవాలా వద్దా, ఖర్చు ఎవరిది, తల్లికి ఎవరు చెబుతారు, ఇవన్నీ ఇప్పుడే మాట్లాడుకోవాల్సినవి. ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఇవి ఉండవు. మన ఇళ్లలో గొడవలు మాత్రం వీటి దగ్గరే అవుతాయి.

ఇప్పుడు మీరు చదవకుండా దాటేయాలనుకునే మాట ఒకటి చెబుతాను. మీ ఉత్తరంలో "మంచినీళ్లు అందించే చెయ్యి" అని రాశారు. మీరు పనిపిల్లను వెతుకుతున్నారని నేననుకోవడం లేదు. కన్న కూతురు కూడా నానమ్మకు నీళ్లిస్తుంది. కానీ ఆ చెయ్యి గురించి పిల్ల రాకముందే రాశారు, అదే నా మనసులో పడింది. హోమ్ నుంచి వచ్చే పిల్ల మొదటి నెలల్లో అడగకుండానే పనులు చేస్తుంది. చీపురు పట్టుకుంటుంది, మీకంటే ముందు లేచి బోళ్లు కడుగుతుంది. బుద్ధిమంతురాలని మురిసిపోతారు. అది బుద్ధి కాదు. పని చేయకపోతే పంపించేస్తారన్న భయం. మీరు చీపురు లాక్కుని "పో, ఆడుకో" అంటే మొదట్లో ఏడుస్తుంది కూడా. మీ ఇంట్లో పిల్ల సోమరితనం చేసిన రోజు, పిలిస్తే "వస్తున్నా" అని రాకుండా టీవీ చూసిన రోజు, స్వీటు కొని తినండి. ఆ రోజు నుంచి అది మీ ఇంటి పిల్ల.

అత్తమ్మకు నీళ్లందించడానికి మనిషి కావాలంటే జీతం ఇచ్చి వయసొచ్చిన మనిషిని పెట్టుకోండి. రెండు అవసరాలు వేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ కొంగు పట్టుకున్న పాపే మీ ఇంటికి రావాలని లేదు. అక్కడి మేడమ్ కూడా ఆ మాట చెప్పే ఉంటారు. ఏ పిల్లకు ఏ ఇల్లు అన్నది అధికారులు రెండు వైపులా నివేదికలు చూసి కుదురుస్తారు. పిల్లనూ అడుగుతారు. పైగా హోమ్‌లో పెరిగే పిల్లలు చాలామంది వచ్చిన ప్రతివాళ్ల కొంగూ పట్టుకుంటారు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వచ్చి, పుట్టినరోజు కేకు కోసి, ఫోటోలు దిగి, "మళ్లీ వస్తం" అని వెళ్లిపోతారు. కొంగు పట్టుకోవడం వాళ్లు నేర్చుకున్న విద్య. (అన్నదానాలు మానేయమని చెప్పను. ఫోటోలు మాత్రం మానేస్తే బాగుండు.) ఆ పాప మీద మీకు కలిగింది నిజమైన ప్రేమే. కానీ ఆ ప్రేమ ఆమెకు కాకుండా, మీకు అస్సలు తెలియని పదకొండేళ్ల మొండి పిల్లకు దక్కేలా ఉంటే అప్పుడూ దరఖాస్తు పెడతారా? మిమ్మల్ని మీరు అడగండి.

అర్హత సంగతి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. భార్యాభర్తలైతే ఇద్దరూ ఒప్పుకోవాలి, కాపురం కనీసం రెండేళ్లుగా కుదురుగా ఉండాలి. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్ల కోసం ఇద్దరి వయసు కలిపి కనీసం 70 ఉండాలి. మీది 99. ఒంటరివాళ్లు కూడా ఇప్పుడు పెట్టుకోవచ్చు, వయసు 35 నిండి ఉండాలి. మగవాళ్లు ఒంటరిగా ఉంటే ఆడపిల్లను ఇవ్వరు. పిల్లను పోషించేంత ఆదాయం, ఇంట్లో చోటు ఉండాలి. ఎవరి మీదా నేరం రుజువై ఉండకూడదు. ఇంట్లో ఉన్న అందరికీ వైద్య పరీక్షలు ఉంటాయి. టీబీ, హెపటైటిస్ బీ, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేయిస్తారు. అందరికీ అంటే అత్తమ్మకు కూడా. ఆమెతో రక్త పరీక్షకు ఎట్లా ఒప్పిస్తారో మీరే చూసుకోండి.

దరఖాస్తు ఇప్పుడు కేరింగ్స్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. మాస్టారికి అది కష్టం కాదు. జిల్లా మాత్రం చూసుకుని రాయండి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది, కోట ఉన్న ఖిలా వరంగల్ వైపంతా అటు పోయింది. పాత ఆధార్ చిరునామా చూసి వేరే జిల్లా ఎంచుకుంటే ఫైలు అటూ ఇటూ తిరుగుతుంది. దరఖాస్తు పెట్టాక జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి మనిషి మీ ఇంటికి వస్తారు. ఆ విభాగంలో హోమ్‌ల బయట పెరిగే పిల్లల కోసమే ఒక ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు. ఇల్లు, సంపాదన, మీ ఇద్దరి మధ్య మాట తీరు, ఇంట్లో మిగిలినవాళ్లు ఏమంటున్నారు, ఇవన్నీ రాసుకుంటారు. దాన్ని హోమ్ స్టడీ అంటారు. ఆ రోజు ఇల్లంతా సర్ది, అత్తమ్మను చుట్టాలింటికి పంపించే తెలివి మాత్రం చేయకండి. అందరూ చేసే పొరపాటే అది. చివరికి ఉత్తర్వు ఇచ్చేది బాలల సంక్షేమ సమితి, అంటే ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. మీరు హామీ పత్రం రాసిస్తారు. పిల్ల వచ్చాక నెలనెలా తనిఖీ ఉంటుంది. అది చట్టంలో ఉన్న మాట. చుట్టాలు "ఏంది, మీ ఇంటికి ప్రతి నెలా ఆఫీసరొస్తడు?" అంటారు. రానివ్వండి.

నెలకు 4,000 రూపాయలు దీనికీ ఇస్తారు. టంచనుగా ఒకటో తారీఖున వస్తుందని బడ్జెట్ వేసుకోకండి. వచ్చినప్పుడు పిల్ల పేరున వేరే ఖాతాలో ఉండనివ్వండి, ఖర్చు రాసి పెట్టుకోండి. మీకు ఆ డబ్బు లేకపోయినా గడుస్తుందని తెలుసు. కానీ "సర్కారు పైసల కోసం తెచ్చుకున్నరు" అనే నోళ్లు ప్రతి కాలనీలో రెండైనా ఉంటాయి.

ఫోటోల మాట మళ్లీ వచ్చింది. ఇట్లాంటి పిల్లల పేరు, ముఖం, బడి బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్‌లో "మా ఇంటి కొత్త మహాలక్ష్మి" అని పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. మీ అమ్మాయికీ, చుట్టాల గ్రూపుకూ ముందే చెప్పండి.

మాస్టారి గురించి ఒక మాట. పిల్ల ఆయన దగ్గరకు రాకపోవచ్చు. ఆయన గదిలోకి రాగానే లేచి వెళ్లిపోవచ్చు. ఎదురుపడితే గోడకు ఆనుకుని నిలబడవచ్చు. ఆయనను అవమానించడానికి కాదు. అంతకుముందు ఏ మగవాడి చేతిలో ఏం చూసిందో మనకు తెలియదు. పిల్ల చరిత్ర నివేదికలో ఉన్నంత అడిగి తెలుసుకోండి, లేనిది గుచ్చి గుచ్చి అడగకండి. ఏదైనా దారుణం చెబితే మొదట వినండి, ఆ వెంటనే సమితికి చెప్పండి, మీలో మీరు దాచుకోకండి. పిల్లకు వేరే పడక ఉండాలి, గదికి లోపలి నుంచి గడియ ఉండాలి. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి ఆరు నెలల తర్వాత ఎక్కాలతోనే దగ్గరవుతారేమో. ముందు మాత్రం దూరం నుంచే పలకరించమనండి.

కొన్ని చిన్న చిన్న విషయాలకు మీకు కోపం వస్తుంది. ఒక పాప సంక్రాంతికి చేసిన సకినాలు బడి సంచిలో దాచింది. శివరాత్రి దాకా దాచింది. సంచి తెరిస్తే కమురు వాసన, అన్నీ ముక్కలు. ఆ ఇంటామె తిట్టకుండా, ఒక స్టీలు డబ్బా తెచ్చి పాప చేతికిచ్చి, "ఇది నీ డబ్బా, ఎప్పుడూ నిండే ఉంటది, నువ్వే చూసుకో" అంది. రెండు నెలలు పాప రోజూ మూత తీసి చూసేది. తర్వాత చూడటం మానేసింది. ఇంకో పిల్ల ఫ్రిజ్ తలుపు తీయడానికి ఏడాది దాకా అనుమతి అడిగింది. ఇంకొకరు సాయంత్రం ఆరు కాగానే ఎక్కడున్నా లేచి నిలబడేవాడు. హోమ్‌లో అది ప్రార్థన గంట. ఇవి రోగాలు కావు. అట్లా బతికి వచ్చారు, అంతే. అబద్ధాలు, చిల్లర దొంగతనాలు, పక్క తడపడం కూడా ఉంటాయి. మీ కూతురును పెంచిన అనుభవం సగానికే పనికొస్తుంది. మిగతా సగం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

దత్తత ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చు? పిల్ల మీ దగ్గర కనీసం రెండేళ్లున్నాక, దత్తతకు చట్టప్రకారం స్వేచ్ఛ ఉన్నదని తేలితే మీరు అడగవచ్చు, మీకు ప్రాధాన్యం ఉంటుంది. ఇంతకుముందు అది ఐదేళ్లు ఉండేది. కానీ తల్లి ఉన్న పిల్లకు ఆ స్వేచ్ఛ రావాలంటే మామూలుగా తల్లి సమితి ముందుకు వచ్చి బిడ్డను అప్పగించాలి. అప్పగించాక కూడా రెండు నెలలు మనసు మార్చుకునే గడువు ఆమెకు ఉంది. రెండేళ్లు ఆ రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, సోఫా మీద ఆమె కనిపించిన ప్రతిసారీ మీ ముఖంలో ఏదో ఒకటి కనబడుతుంది. పిల్లలకు ముఖాలు చదవడం మనకంటే బాగా వచ్చు. దత్తతే కావాలనుకుంటే మొదటి నుంచే దత్తతకు వేరే దరఖాస్తు పెట్టండి. దీన్ని దొడ్డిదారిగా వాడుకోకండి.

అత్తమ్మ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే నాకు తేలికైన జవాబు లేదు. ఆమె "ఎవరి పిల్లనో" అన్నది కులం గురించే. పిల్ల కులం చెప్పి ఆమెను సముదాయించే ప్రయత్నం చేయకండి. ఈసారి నచ్చిన కులమైతే సరేనంటే, నచ్చని కులమైతే? వంటింటి గడప దగ్గర ఆగాల్సిన పిల్లను ఆ ఇంటికి తేవద్దు. పిల్ల అప్పటికే చాలా గడపల బయట నిలబడి వచ్చింది. మీ ఇల్లు ఇంకొకటి కాకూడదు. ఆమె ఒప్పుకునేదాకా ఆగండి, లేదా ఈ ఆలోచన మానండి. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని అసలు భయం ఏమిటో అడగండి. 78 ఏళ్ల మనిషి "పిల్ల వస్తే నన్నెవరు చూస్తరు" అని అనలేక కులం మాట తీసుకురావడం నేను విన్నాను. అది కాకపోతే కాదు. అప్పుడు నిజంగా కులమే అడ్డం, మీరూ మాస్టారూ ఆమెతో గట్టిగా మాట్లాడాల్సిందే. ఇద్దరిలో ఆయనే ముందు మాట్లాడాలి, ఆయన తల్లి కదా.

పిల్ల తిరిగి వెళ్లే రోజు వస్తే ఏం చేయాలో కూడా అడిగారు, ఒక రకంగా. ఏడవండి. పిల్ల ముందు కూడా కొంచెం ఏడవవచ్చు. ఏడవకపోతే తనని వదిలించుకున్నారనుకుంటుంది. బట్టలు, పుస్తకాలు, ఆ స్టీలు డబ్బా, అన్నీ కట్టి ఇవ్వండి. ఆ తల్లి ఫోన్ నంబరు తీసుకోండి, మీది ఇవ్వండి. మేడారం జాతరకు పోయేటప్పుడు, పిల్ల ఎత్తు బంగారం (పిల్ల బరువుకు సరిపడా బెల్లం) మొక్కుకున్నానని పెంచినామె చెబితే, కన్నవాళ్లే ఆమెను వెంట తీసుకెళ్లిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

ఒక్క విషయం మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. మీవారు ఏమన్నారో రాశారు, అత్తమ్మ ఏమన్నారో రాశారు, పనామె ఏమన్నదో కూడా రాశారు. మీ అమ్మాయి ఏమన్నదో రాయలేదు. ఆమెకు చెప్పారా? మీరు వారం వారం దుప్పటి మార్చే గదిలోనే ఈ పిల్ల పడుకుంటుంది. అల్మారాలో ఆమె ఇంటర్ పుస్తకాలు, గోడ మీద ఆమె అంటించిన బొమ్మలు ఉంటాయి. దీపావళికి ఇంటికి వచ్చి చూస్తే ఎవరి గది అది? ఈ ఆదివారం ఫోన్ చేయండి. ఫోస్టర్ కేర్ గురించి ఉపన్యాసం అక్కర్లేదు. ఆ అల్మారాలో ఏ అర ఖాళీ చేయవచ్చో అడగండి.